పైలట్ సంతకం

"ఆ బండిలో పిల్లను పడుకోబెట్టావంటే నా మీద ఒట్టే!" సియాల మనవరాలిని గుండెకు అదుముకుంది.

"మా ఫ్యాక్టరీ సరుకేనమ్మా, భయమెందుకు?" అన్నాడు కొడుకు మెరాబ్.

సోవియట్ దేశం పోయాక జార్జియా రాజధాని టిబిలిసిలో యుద్ధవిమానాలు చేయించుకునేవాళ్లే లేరు. అదే రేకుతో, అవే నట్లతో ఇప్పుడు పిల్లల్ని తోసుకెళ్లే బండ్లు చేస్తున్నారు.

"చక్రం ఊడిపోతే?"

"ఊడదు. ఇదిగో పత్రం."

అదీ పాత విమానాల పత్రమే. 'ఎగరడానికి యోగ్యం' అని ముద్ర, కింద పైలట్ సంతకానికి ఖాళీ.

"అక్కడ నువ్వు పెట్టు," అన్నాడు మెరాబ్ నవ్వుతూ.

"ముందు నట్లు బిగించరా."

బిగించాడు. మళ్లీ బిగించమంది. మూడోసారి పానా తిప్పుతూ విసుక్కున్నాడు. "ఇరవై ఏళ్లు విమానాలకు బిగించాను. ఒక్కనాడైనా ఇంత భయపడ్డావా?"

"ఇందులో పడుకునేది మన పిల్ల కదరా!"

కలం అందుకున్న సియాల ఆ ఖాళీ దగ్గర ఆగింది. "అప్పట్లో ఇక్కడ ఎవరు పెట్టేవాళ్లు?"

"పైలట్లు. పాతికేళ్లు నిండని కుర్రాళ్లు. నెలాఖరుకల్లా ఫ్యాక్టరీ లెక్క పూర్తిచేయాలన్న హడావుడి కదా, చూడకుండానే పెట్టేసేవాళ్లు."

"వాటికీ మూడుసార్లు బిగించేవాడివా, నాన్నా?"

మెరాబ్ చేతిలో పానా ఆగిపోయింది.