కొట్టం గుమ్మంలో ఆంబోతు

అచ్చు వేసి దేవుడి పేర వదిలేసిన ఆంబోతు ఒకటి ఉండేది. దానికి ముక్కుతాడు లేదు, కాడి లేదు. ఏ చేలో పడి మేసినా అదిలించేవారు లేరు. ఊళ్ళో ఎవడైనా తన ఇష్టం వచ్చినట్టు తిరిగితే దాని పేరు పెట్టే తిట్టేవారు. ఆ తిట్టులో కాస్త అసూయ కూడా ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

దానికీ ముసలితనం వచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి. ఒక సాయంత్రం ముసురులో తడిసి తడిసి ఒక రైతు కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపల అరక దున్ని వచ్చిన ఎద్దు కుడితి తాగుతోంది.

"నీ పక్క గుంజ ఖాళీయేనా తమ్ముడూ?" అంది ఆంబోతు.

"ఖాళీయే. నీకు గుంజ దేనికన్నా? మెడ కాయలు కాసి నేను నిన్ను చూసి కుళ్ళి చస్తుంటే."

"కుళ్ళింది చాలు గాని, కాస్త జరుగు. ఈ పూటకి నేనూ కట్టేయించుకుంటాను."

ఇంతలో రైతు వచ్చాడు. ఆంబోతు పలుపు కోసం మెడ చాపింది. రైతు చెంపలు వేసుకున్నాడు.

"దేవుడి సొమ్మువి, నిన్ను మా కొట్టంలో కడితే పాపం స్వామీ. నీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళు" అని దణ్ణం పెట్టి, దాన్ని బయటికి పంపి తడిక వేసేశాడు.

తడిక సందులోంచి ఎద్దు అంది: "ఎక్కడికైనా వెళ్ళొచ్చు గదన్నా నువ్వు."

"వెళ్ళొచ్చురా," అంది ఆంబోతు వానలోకి తిరుగుతూ, "ఇక్కడికి తప్ప."