రెండు ఓడలు, ఒక గిరాకి

“మీ ఇష్టం,” అంది సుగుణ.

ఆ మాట వినగానే వెంకట్రాజానికి చిర్రెత్తుకొచ్చింది. ఇంటికి ఏ రంగు వేయిద్దామన్నా మీ ఇష్టం, కూరగాయలు ఏం తెమ్మంటావన్నా మీ ఇష్టం. పెళ్ళయిన నాటి నుంచి ఆయన విన్నది ఇదే. ఈ ఒక్కసారైనా ఆమెకు నిజంగా ఏది నచ్చిందో కనుక్కొని అదే ఇవ్వాలని, బట్టల దుకాణం పనివాళ్ళకు అప్పగించి హనుమకొండ చౌరస్తాలోని ఈ ట్రావెల్స్ ఆఫీసుకు వెంటబెట్టుకొచ్చాడు. ఇక్కడా అదే పాట.

“నా ఇష్టం అడుగుతలేనే. సముద్రం మీద పోదామన్నది నువ్వు. ఏ ఓడల పోదామో గూడ నువ్వే చెప్పు.”

“నాకేం తెలుసు? రెండూ మంచిగనే ఉన్నయి.”

ట్రావెల్స్ నడిపే అనిల్ బల్ల మీద రెండు బ్రోచర్లు పరిచాడు. ఒకటి పాత ఓడ, ఒకటి కొత్త ఓడ. రెండూ చెన్నైలో బయల్దేరేవే, రెండూ నాలుగు రోజుల ప్రయాణమే, ధర కూడా అటూ ఇటుగా ఒకటే. వెంకట్రాజం కళ్ళద్దాలు సవరించుకొని, బట్ట నాణ్యం చూసినట్టు కాగితాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

“పాతదంటే ఎంత పాతది?”

“ఇరవై ఏండ్లది సేటూ. కానీ మొన్నీమధ్య మొత్తం విప్పి బాగు చేసిన్రు. పరుపులు, నల్లాలు, రంగులు అన్నీ మార్చిన్రు.”

“అంటే ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన్రు.”

“అట్లనే అనుకోన్రి. గదులు జర పెద్దగ ఉంటయి. సముద్రం చూసుకుంట ఓడ చుట్టూ నడవొచ్చు. అన్నానికి ఒకటే హాలు. మీకొక టేబులు ఇస్తరు. దిగేదాక అదే టేబులు, వడ్డించేది గూడ అదే మనిషి.”

“ఇంకేముంటది?”

“ఇంకేం లేదు సేటూ. సముద్రమే.”

వెంకట్రాజం పెదవి విరిచాడు. “మరి కొత్తది?”

అనిల్‌కు హుషారొచ్చింది. పద్దెనిమిది అంతస్తులు. పైన నీళ్ళలో జారే గొట్టాలు. నాటకాలు, సర్కసు. ఆకలైనప్పుడు నచ్చిన హోటల్లో కూర్చొని తినొచ్చు. ఓడ నడుమ పొడుగూతా బజారు.

“ఓడ నడుమ బజారా?” వెంకట్రాజం ముందుకు వంగాడు. “బట్టల దుకాణాలున్నయా?”

“వరుసగ ఉన్నయి సేటూ. మన చౌరస్తా లెక్కనే.”

“వాళ్ళకు మాల్ ఏడికెళ్ళి వస్తది? బేరమాడనిస్తరా?”

అది అనిల్‌కు తెలియదు. వెంకట్రాజానికి మాత్రం తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. అయినా తమాయించుకొని ఇంకో ప్రశ్న వేశాడు. “ఏది ఎక్కువ ఊగుతది?”

“గాలిని బట్టి సేటూ. కొత్తది పెద్దది గదా, జర తక్కువ ఊగుతది.”

“కొత్తదే జబర్దస్తుగ ఉన్నది,” అంది సుగుణ. “ఆ లైట్లు చూడున్రి. పాతది మన పాత బస్టాండు లెక్క ఉన్నది.”

సరే కొత్తదే అనబోయి వెంకట్రాజం ఆగాడు. ఆయన చూపు భార్య చేతి మీద పడింది.

వరంగల్ బజారులో గద్దె మీద కూర్చున్నవాడికి ఒక విద్య దానంతటదే ఒంటబడుతుంది. గిరాకి నోరు వినకూడదు, చెయ్యి చూడాలి. వచ్చినామె ఎర్రచీరను ఆకాశానికెత్తుతూ నీలంచీర అంచు వదలకుండా పట్టుకుందంటే, కొనేది నీలందే. ఎర్రదాన్ని పొగిడేది పక్కనున్న వదినెను మెప్పించడానికో, బేరం కోసమో. ఈ లెక్క ఆయనకు తప్పిన రోజు లేదు.

సుగుణ నోరు కొత్త ఓడ లైట్లను మెచ్చుకుంటోంది. అరచెయ్యి మాత్రం పాత ఓడ బొమ్మ మీద ఉంది. చూద్దామని ఆయన ఆ కాగితాన్ని మెల్లగా తన వైపు లాగాడు. చెయ్యి కూడా దానితోపాటే వచ్చింది.

వెంకట్రాజానికి పట్టలేని సంతోషం కలిగింది. ఇన్నేళ్ళకు ఆమె ఇష్టం దొరికింది.

“పాత ఓడే ఖాయం చెయ్యి,” అన్నాడు అనిల్‌తో.

“అదేంది, మీరు బజారు చూస్తరేమో అనుకున్న,” అంది సుగుణ.

“బజారు నాకు రోజూ ఉండేదే. నీ మనసుల ఏమున్నదో నాకు తెల్వదా?”

సుగుణ తల వంచుకుంది. నవ్వు దాచుకుంటోందని గమనించి ఆయన ఇంకాస్త మురిసిపోయాడు. కింద జామకాయల బండి ఉంది, తెస్తానంటూ ఆమె మెట్లు దిగింది.

“చూసినవా తమ్మీ,” వెంకట్రాజం కుర్చీలో వెనక్కి వాలాడు. “నోరు ఒకటి చెప్తది, చెయ్యి ఒకటి చెప్తది. మేం చెయ్యి చూసే యాపారం చేస్తం. ఇగ టికెట్లు తియ్యి.”

అనిల్ కంప్యూటర్ వైపు తిరగలేదు. సొరుగు లాగి ఒక కవరు తీసి ఆయన ముందు పెట్టాడు. లోపల పాత ఓడ టికెట్లు ఉన్నాయి, ఇద్దరి పేర్లతో.

“గింత జల్దీ ఎట్లయినయి?”

అనిల్ మెట్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “అమ్మ నిన్ననే వచ్చి చేయించి పోయింది సేటూ. ‘కొత్త ఓడెక్కితే ఆయన పోయి బజార్లనే కూసుంటడు. నాలుగు రోజులన్నా మనిషి నా పక్కన ఉండాలె’ అన్నది.”

వెంకట్రాజం టికెట్ల మీది పేర్లు మళ్ళీ చదువుకున్నాడు.

“మరి నేను కొత్తదే కావాలంటే?”

“నేను గూడ అదే అడిగిన సేటూ. ‘నోటితోని చెప్తే ఎన్నడు విన్నడు బిడ్డా? ఊకె పాతదాని మీద చెయ్యి పెట్టి కూసుంట. ఆయన నన్ను గూడ గిరాకి లెక్కనే చూస్తడు’ అన్నది.”