పేటపెద్ద మీద బ్లాగు

"మన పేటపెద్దకు మతిమరుపు వచ్చింది. మార్కెట్ పక్క మురుగు కాలవ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. ఈసారైనా ఇంటికి పంపండి" అని ఆ పొద్దున బ్లాగులో ఉంది. పావోయున్ దాన్ని భర్త ముందు కూర్చుని పళ్లు నూరుతూ చదివింది.

జిన్‌షుయి సోయా పాలు తాగుతూ, "రాసినదాంట్లో అబద్ధమేముందే?" అన్నాడు.

తైనాన్ శివార్లలోని ఆ పేట జనం చాలా ఏళ్లుగా ఆయన్నే పెద్దగా ఎన్నుకుంటున్నారు. మోకాళ్లు అరిగాయి, ఇక వదిలేసి రొయ్యలు పట్టుకుంటూ కూర్చుంటానని వేసవిలో ఆయన ఒకసారి అన్నాడు. పెళ్లి విందుల్లో ముందు వరస బల్ల దగ్గర కూర్చోవడం అలవాటైన పావోయున్ ఆ మాట చెవిన పెట్టలేదు. దగ్గరుండి నామినేషన్ వేయించింది. అంతలో ఈ పేరు చెప్పని బ్లాగరు దాపురించాడు.

ఆమెకు అనుమానమల్లా వెయిరూ మీదే. కొత్తగా మందుల షాపు పెట్టి, జిన్‌షుయి మీద పోటీకి దిగిన అమ్మాయి. పావోయున్ నేరుగా షాపుకే వెళ్లి నిలదీసింది.

"పిన్నీ, నేను ఈ పేటకొచ్చి ఎన్నాళ్లయిందని? ఆ కాలవ ఎక్కడుందో కూడా నాకు బ్లాగు చూశాకే తెలిసింది" అంది వెయిరూ.

పావోయున్ నమ్మలేదు. మనవరాలి దగ్గర ఫోన్‌లో టైపు చెయ్యడం, వీడియో పెట్టడం నేర్చుకుంది. భర్తకు రబ్బరు బూట్లు తొడిగి, చేతికి పార ఇచ్చి కాలవలోకి దింపింది. ఆయన మూలుగుతూ బురద తోడుతుంటే ఆ వీడియో పేట జనమంతా చూశారు. బ్లాగరు వీధి దీపాల మీద పడ్డాడు. సాయంత్రానికల్లా దీపాలు వెలిగాయి. పార్కులో విరిగిన బల్లల గురించి రాశాడు. జిన్‌షుయి మేకులు కొడుతూ కనిపించాడు. మనిషి నిద్రలేని కళ్లతో రోజురోజుకీ చిక్కిపోయాడు. పావోయున్ మాత్రం వదల్లేదు.

పేటలో ఒకటే మాట. ఈ వయసులో ఆయనలా పరుగులు పెట్టేవాళ్లు ఎవరున్నారని మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్లు కూడా అనుకున్నారు. వెయిరూ సొంత అత్తగారే ఆయనకు ఓటేశానని పైకి చెప్పేసింది.

ఎన్నడూ లేనంత మెజారిటీ వచ్చింది. వీధిలో టపాకాయలు పేలుతుంటే పావోయున్ మొహం వెలిగిపోయింది. మెడలో దండతో కుర్చీలో కూలబడ్డ భర్త పక్కన చేరింది.

"ఎవడోగానీ వాణ్ణి పిలిచి విందు పెట్టాలయ్యా. వాడే లేకపోతే ఇన్ని ఓట్లు పడేవా?"

జిన్‌షుయి దండ తీసి బల్ల మీద పెట్టాడు.

"వచ్చేసారి ఇంకా ఘాటుగా రాస్తాను."