యాకోబు వేషం

ఫోను పెట్టేసి కొత్త పెళ్లికూతురు వంటింట్లోకి ఒక్క పరుగు తీసింది.

"ఏవండీ, మనకే ఇచ్చారు. మీరు యోసేపు, నేను మరియ."

చర్చి వార్షికోత్సవంలో ఈసారి యేసు వంశావళిని ఊరేగింపుగా నడిపిస్తారు. అబ్రాహాము మొదలు యోసేపు దాకా, ప్రతి తండ్రీ ముందున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి నడవాలి.

"పెళ్లికి మీ వైపు నుంచి ఒక్క పెద్దమనిషీ లేడని దిగులు పడ్డారుగా. ఇప్పుడు లారీడు తాతముత్తాతలు దిగుతున్నారు."

టీ వడపోస్తున్న మొగుడి చెయ్యి ఆగింది. అతను చర్చి హాస్టల్లో పెరిగాడు. పసితనంలోనే ఎవరో వదిలేసి పోయారు.

"ఒక్కడుంటే చాలు," అన్నాడు. "తిట్టుకోవడానికైనా."

రిహార్సల్లో దావీదు వేషం కోసం ఇద్దరు తోడల్లుళ్లు కొట్టుకున్నంత పని చేశారు. అజోరు, ఆకీము అనగానే అందరూ నేలచూపులు చూశారు.

"అజోరు ఏం చేశాడండీ?" అడిగింది పాటల టీచరు.

"ఏమీ చెయ్యలేదు, కొడుకును కన్నాడు," అన్నారు పాస్టరుగారు. "అద్భుతం అనేది చూసి ఎరగడు. అయినా నమ్మకాన్ని కొడుకు చేతిలో పెట్టి పోయాడు. ఆ ఒక్కడు లేకపోతే వరస అక్కడే తెగేది."

పెళ్లికూతురు వినలేదు. ముసుగు ఎటు మడిస్తే ముఖం బాగుంటుందో చూసుకుంటోంది.

అప్పుడు మసి తాత ముందుకొచ్చాడు. స్టవ్వులు బాగుచేసే ముసలాయన. ఈమధ్యే ఎక్కణ్నుంచో వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటున్నాడు.

"అమ్మా, నాకు యాకోబు వేషం ఇప్పించండి."

"ఏ యాకోబు తాతా? పన్నెండుమంది కొడుకులాయనా?" అంది టీచరు.

"కాదమ్మా. చివరాయన. యోసేపు తండ్రి."

పెళ్లికూతురు ముసుగు వదిలేసి ఇటు తిరిగింది. ఆ చెయ్యి పడేది అద్దెకు తెచ్చిన తెల్లటి అంగీ మీద. అదీ ఫోటోలో, తన పక్కనే.

"నీ చెయ్యి పడితే మా ఆయన యోసేపులా ఉండడు తాతా, బొగ్గుల కొట్టువాడిలా ఉంటాడు."

అందరూ పడీపడీ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

మర్నాడు రెండు చేతులూ చాపి ఆమె ముందు నిలబడ్డాడు. ఇసకా కిరసనాయిలూ పెట్టి తోమినట్టున్నాడు, వేళ్ల మీద తోలు లేచిపోయింది.

"ఇప్పుడు చూడు తల్లీ."

"మసి పోయింది సరే. ఈ కంపు మాటేమిటి?" అని ఆమె ముక్కుకి ముసుగు అడ్డం పెట్టుకుంది.

యాకోబు వేషం బట్టల కొట్టాయనకి ఇచ్చారు. తాతకి అజోరు దక్కింది.

ఊరేగింపు కదలబోతుండగా ముసలాయన తన చోటు వదిలి వరస ముందుదాకా వచ్చాడు. పెళ్లికొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. వేసినవాడు తియ్యలేదు.

"మీ చోటు ఇది కాదు," అని అతను భుజం విదిలించాడు.

ముసలాయన తూలి బల్ల పట్టుకున్నాడు.

"మతి చలించినట్టుంది. గేటు బయట కూర్చోబెట్టండి," అంది ఆమె, ముసుగు చెదరకుండా.

ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్కా పట్టుకుని తీసుకుపోయారు.

అజోరు లేకుండానే వరస కదిలింది. ఎల్యాకీము కాస్త ముందుకి వంగి సాదోకు భుజం అందుకున్నాడు. ఎవరూ గమనించలేదు.

ఫోటోలు దివ్యంగా వచ్చాయి. అంగీ మీద ఒక్క మరక లేదు.

మర్నాడు సాయంత్రం ఏ ఫోటో పెద్దది చేయించాలా అని ఇద్దరూ ముద్దుముద్దుగా పోట్లాడుకుంటుంటే పాస్టరుగారు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మసి తాత పోయాడు. మధ్యాహ్నం, తన గదిలో."

"అయ్యో పాపం," అంది ఆమె, ఫోటోలు పక్కన పెట్టకుండానే. "నా అన్నవాళ్లు ఎవరూ లేరా?"

ఆయన ఆమె మొగుడి వైపు తిరిగారు.

"రేపు పొద్దున్నే సమాధి చేస్తున్నాం నాయనా. పోయేముందు ఆయన నాతో చెప్పినదాన్నిబట్టి, మొదటి పిడికెడు మట్టి కొడుకుగా నువ్వే వెయ్యాలి."