చూపు ఎటు పోతే

పార్సిళ్లు చేరవేసి ఇల్లు నడిపే నాన్న, తన బరువైన బండిని అమ్మేసి, నా పాదాలు రెండూ నేలకు ఆనే తేలికపాటి బండిని కొన్నాడు.

"ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కకు తల్లీ. గుంతనే చూస్తూ నడపకు, చూపు ఎటు పోతే బండీ అటే పోతుంది," అని వెనక సీటు మీంచి ఒకటే పోరు.

"పరీక్షలయ్యాక నేర్చుకుంటాను. ఇప్పుడేం కొంపలు మునిగిపోయాయని?"

"ఈ వారంలోనే నేర్చుకోవాలి. నీ కాళ్లు పట్టుకుంటానమ్మా."

నిర్ఘాంతపోతూనే మలుపు తిప్పాను. ఎదురుగా, పట్టపగటి వెలుగులో, దారికడ్డంగా తవ్విన కందకం, చుట్టూ ఎర్ర జెండాలు. సరిగ్గా అంచున ఆపగలిగాను.

"ఆపావేం? దారంతా ఖాళీగానే ఉందిగా, పోనీ!" అన్నాడు నాన్న, కందకం వైపే చూస్తూ.

వెనక్కి తిరిగి నాన్న కళ్లలోకి చూశాను.

"పార్సిళ్ల సంచి నా భుజానికి తగిలించు నాన్నా," అన్నాను. "ముందు బ్రేకు సంగతి మళ్లీ చెప్పు."