రెండో కిటికీ

కరెంటు బిల్లును కొడుకు ఫోన్లో కట్టేశాడని తెలియగానే కండక్టరు తింటున్న పళ్లెం పక్కకు నెట్టి లేచాడు.

ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా వీధి ఆయన్ని కండక్టరనే పిలుస్తుంది. తోలు సంచీ కూడా ఇంకా భుజాన్నే ఉంది.

అరచేతిలో పని అన్నాడు కొడుకు. పైగా కాస్త డబ్బు వెనక్కి కూడా వచ్చిందట. ఇక మీదట తేదీ రాగానే తండ్రి బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోయేలా ఏర్పాటు కూడా చేసేశాడు.

"నా ఇంట్లో వెలిగే దీపానికి డబ్బు నా చేత్తో నేనే కడతా," అన్నాడు కండక్టరు.

"బ్యాంకులో ఉన్నది కూడా నీ డబ్బే కదా నాన్నా?"

"నాకు తెలీకుండా నా జేబులో చెయ్యి పెట్టేవాణ్ణి బస్సులో ఏమనేవాళ్లం?"

వంటగదిలో కండక్టరు భార్య నవ్వు ఆపుకుంది.

ఈ గొడవ నెలనెలా ఉన్నదే. ఆ ఆఫీసుకు రెండు బస్సులు మారాలి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఓర్చుకోలేని ఈ మనిషి, ఆ కాస్త బిల్లు కట్టడానికి చార్జీలు పెట్టుకుని ఎండలో పోవడమేమిటో కొడుక్కి అంతుపట్టదు.

పంతంలో ఆయనకు ఆయనే సాటి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బస్సులోకొచ్చిన కొత్త టిక్కెట్టు మిషన్‌ను చివరి రోజు దాకా ముట్టుకోలేదు. పెద్దకూతురు వాయిదాల మీద ఏసీ కొనితెస్తే, అప్పు మీద వచ్చే చల్లగాలి నాకొద్దన్నాడు. అయితే నా గాలి నేనే పీల్చుకుంటానని ఆ పిల్ల ఏసీ విప్పించుకుని వేరే ఇల్లు చూసుకుంది. ముందు అదే పలకరించాలని ఈయన, ఈయనే పలకరించాలని ఆ పిల్ల. ఆనాటి నుంచి ఆమె సంగతి ఇంట్లో ఎత్తకూడదు. అంతెందుకు, జుట్టు మరీ కురచగా కత్తిరించాడని వీధి చివరి సెలూన్ మానేసి, పక్క పేటకు నడిచి పోతాడు. అలాంటి మనిషికి ఫోన్లో బిల్లు కట్టడం నేర్పుదామనుకోవడం కొడుకు అమాయకత్వం.

కరెంటాఫీసులో రెండు కిటికీలు. మొదటిది ఖాళీగా ఉంది. అక్కడి గుమస్తా ఇటు రమ్మని చెయ్యి ఊపాడు. కండక్టరు చూడనట్టే పోయి రెండో కిటికీ ముందు లైన్లో నిలబడ్డాడు. దానికి పొగరంగు అద్దం, కింద చెయ్యి దూరేంత కన్నం. సంచీ నిండా చిల్లర. ఉద్యోగమున్నన్నాళ్లూ చిల్లర తెచ్చుకోమని జనం మీద విసుక్కున్నవాడు, ఇప్పుడు నెలనెలా ఒక్కో బిళ్లా లెక్కపెట్టించి గానీ కదలడు.

ఆయన వంతు వచ్చింది.

"మీ బిల్లు నిన్ననే కట్టేశారండీ," అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

కట్టింది తాను కాదన్నాడు. అది వాపసు ఇచ్చేసి తన దగ్గర తీసుకోమన్నాడు. అలా కుదరదన్నారు. పోనీ వచ్చే నెలది ఇప్పుడే తీసుకోమన్నాడు. బిల్లు రానిదే తీసుకోలేమన్నారు.

వెనక లైను గొణగడం మొదలెట్టింది. కట్టేసిన బిల్లుకు కొట్లాడేవాణ్ణి ఇక్కడే చూస్తున్నానని ఒకాయన నవ్వాడు. జరగమన్నాడు.

"ముప్పై ఏళ్లు నేను జనాన్ని జరగమన్నా," అన్నాడు కండక్టరు వెనక్కి తిరగకుండానే. "ఇవాళ నేను జరగను."

మాటైతే బిగువుగానే వచ్చింది గానీ, చెయ్యి కన్నం అంచును వదల్లేదు. బిల్లు దానంతటదే పోతుంటే ఇక ఇటువైపు ఆయనకు పనేముంటుంది? ఆ మాట తట్టేసరికి ప్రాణం ఉసూరుమంది. చిల్లర సంచీ మూతి తెరిచే ఉంది, మూయబుద్ధి కాలేదు.

అద్దం వెనక ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"మీ మీటరు మీద మీకేమన్నా అనుమానం ఉందాండీ?"

నికార్సైన మీటరు. రోజూ దుమ్ము తుడిచేది ఆయనే.

"ఉంది," అన్నాడు కండక్టరు. "చాలా ఉంది."

"అయితే ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్లో తీసుకోం, మీరే రావాలి. ఏం తేలిందో కనుక్కోవడానికి వారం వారం రావాలి."

"ఏ కిటికీకి?"

"దీనికే."

కళ్లజోడు మరిచిపోయి వచ్చాడు. అడగకుండానే లోపలే నింపేసిన కాగితం కన్నంలోంచి బయటికొచ్చింది. ఎక్కడ సంతకం పెట్టాలో ఒక వేలు చూపించింది. పెట్టాడు. తర్వాత చాతీ విరుచుకుని, నవ్విన ఆయన ముందు నుంచే నడిచి బయటికొచ్చాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే మీటరు దొంగదని ప్రకటించాడు. సంగతి తేలేదాకా వారం వారం ఆఫీసుకు పోక తప్పదన్నాడు. ఫిర్యాదు కూడా ఫోన్లోనే ఇవ్వొచ్చు కదా అన్నాడు కొడుకు.

"తీసుకోరట," అన్నాడు కండక్టరు, లాటరీ తగిలినవాడిలా.

కొడుకు తల పట్టుకుని తన గదిలోకి పోయాడు. తలుపు పడేదాకా ఆగి, భార్య మంచినీళ్ల గ్లాసు ఆయన చేతికిస్తూ గొంతు తగ్గించింది.

"పెద్దది ఇప్పుడే ఆఫీసులో కిటికీ మూసి ఫోన్ చేసింది, నాన్న కళ్లజోడు లేకుండా వచ్చాడు చూసుకోమంది, తనైతే మీతో ఇంకా మాట్లాడలేదని కూడా చెప్పమంది."