షుగర్ పడిపోయింది

ఆ ట్యాంకులోని సూక్ష్మజీవులు చక్కెర తిని, రంగుల్లో కలిపే ద్రావకాన్ని తయారుచేస్తాయి. అవి తిన్నంతసేపూ పై గొట్టంలోంచి బుడబుడమంటూ గ్యాసు వస్తుంది. నైట్ డ్యూటీలో ఆమెకు ఆ చప్పుడే తోడు.

ఆ రాత్రి చప్పుడు జోరుగానే ఉంది. కానీ నమూనా తీసి చూస్తే ట్యాంకులో చక్కెర వేసింది వేసినట్టే ఉంది. మళ్ళీ చూసింది. అంతే ఉంది. మరి ఇవి ఏం తింటున్నట్టు?

పగలు డ్యూటీ చేసే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, షుగర్ ఏదో తేడాగా ఉంది."

"పడిపోయిందా? ముందు ఏదైనా నోట్లో వేసుకోవే. అసలే ఒంటరిగా ఉన్నావు."

"నాది కాదక్కా, ట్యాంకుది" అంటూనే తన చేతివంక చూసుకుంది. చేతిలో ఫోను వణుకుతోంది. మెడంతా చెమట.

షుగర్ ఆమెకు పాత జబ్బే. ఫోను పెట్టేసి, వేలు గుచ్చి చూసుకుంటే నిజంగానే పడిపోయింది. బస్తాలోంచి గుప్పెడు చక్కెర తీసి నోట్లో పోసుకుంది. అది గొంతు దిగిందో లేదో, గొట్టం ఒక్కసారిగా గుడగుడలాడింది. చేతుల వణుకు మాత్రం తగ్గలేదు.

"నా నోటి దగ్గరి కూడే దొరికిందా నీకు" అంది ఆమె, ట్యాంకుతో.

లోపలున్నవన్నీ చచ్చేలా ట్యాంకును ఉడికించే ఆవిరి వాల్వు పక్కనే ఉంది. గోడ పట్టుకుని లేచి, దాన్ని సగం తిప్పింది. బుడబుడలు టక్కున ఆగిపోయాయి.

ఆవిరి ట్యాంకు అడుగు నుంచి పైకి ఎక్కుతుంది. ఆమెకు మంట అరికాళ్ళలో మొదలైంది.

పళ్ళు బిగించి, మిగతా సగం కూడా తిప్పింది.